హోటల్లో పనిచేస్తాడంట

మా ఊళ్ళో హోటలంటే ఇడ్లీ, పుణుగులు, టీ. రాత్రికి పడుకోవడానికి గది దొరికే చోటు పేరు లాడ్జి. లాడ్జి అనే మాటని ఇంట్లో ఆడవాళ్ళుంటే కాస్త గొంతు తగ్గించి అనేవాళ్ళు. ఈ రెండు మాటల మధ్య నా ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగాన్ని ఎక్కడ పెట్టాలో మావాళ్ళకి చివరిదాకా తెలీలేదు. నాకూ చాలాకాలం తెలీలేదు.

మాది చిలకలూరిపేట. చుట్టుపక్కల వాళ్ళకి పేట అంటే చాలు. నేను పెరిగినప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. మద్రాసు-కలకత్తా రోడ్డు ఊరి మధ్యలోంచే పోయేది. దాన్ని అప్పుడు నేషనల్ హైవే 5 అనేవాళ్ళు, ఇప్పుడు 16 అంటున్నారు. రాత్రి పన్నెండింటికి కూడా లారీలు ఆగేవి, స్టవ్వులు బుస్సుమంటుండేవి. ఆ హోటళ్ళలో బల్లలు తుడిచే పిల్లల్లో సగం మంది ఏడో తరగతో ఎనిమిదో తప్పి ఇంట్లోంచి పారిపోయి వచ్చినవాళ్ళు. అందుకే మా వీధిలో ఏ తల్లైనా పిల్లాణ్ణి బెదిరించాలంటే ఒకటే మాట: "చదవకపోతే హోటల్లో ఎంగిలి ప్లేట్లు కడుక్కుంటావు." నేను బాగానే చదివాను. ప్లేట్లు కడగలేదు. ఇంకా చాలా కడిగాను.

నాన్న ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా. రైతులు తెచ్చిన పత్తి తూకం, చిట్టా ఆయన పని. కానీ మిల్లు యజమాని ఆయన్ని వదలకపోవడానికి కారణం ఆయన రాత కాదు, వేళ్ళు. గుప్పెడు దూది తీసుకుని, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగి, మళ్ళీ కలిపి లాగి, పోగులన్నీ దువ్వినట్టు ఒక వరసలోకి వచ్చేదాకా లాగి పింజ పొడవు చెప్పేవాడు. ఇది ఎంసీయూ ఫైవు, ఇది వరలక్ష్మి, ఇది రెండూ కలిపేశారు, ఇది రాత్రి నీళ్ళు చల్లి తెచ్చారు. ఆయనతో రైతులు పోట్లాడేవాళ్ళు కానీ ఆయన వేళ్ళతో పోట్లాడేవాళ్ళు కాదు.

1987-88లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. కొట్టిన మందు మీద మందు కొట్టారు. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది. ఆ మందే తాగి చచ్చిపోయిన రైతుల సంగతి అప్పటి పేపర్లలో వచ్చింది, ఇప్పటికీ పుస్తకాల్లో వస్తోంది. మిల్లు గుమాస్తాల సంగతి ఎవరూ రాయలేదు, రాయాల్సినంత పెద్దదీ కాదు. మిల్లు ఆ ఏడాది కొద్ది నెలలే ఆడింది. నాన్న జీతం కూడా అన్ని నెలలే వచ్చింది. నా ఇంటర్ అప్పుడే అయింది. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకి సీటు రాదు. కర్ణాటకలో డొనేషన్ కట్టి ఇంజనీరింగు చదవడం మా వీధిలో మొదలైంది కానీ మా గుమ్మం దాకా రాలేదు.

సికింద్రాబాదులో రైల్వేలో పనిచేసే బాబాయి పేపర్లో ప్రకటన కత్తిరించి కవర్లో పెట్టి పంపాడు. విద్యానగర్‌లో ఉన్న ప్రభుత్వ సంస్థ, హోటల్ మేనేజ్‌మెంటు, మూడేళ్ళ డిప్లొమా. రాత పరీక్ష, ఇంటర్వ్యూ. చదువవగానే ఉద్యోగమట. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మొదటి మాట మీద వేలు పెట్టి మూసి, రెండో మాట పైకి చదివాడు. "మేనేజ్‌మెంటు." అమ్మ అడిగింది: "దేని మేనేజ్‌మెంటు?" నాన్న జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచి చుట్టాలందరికీ నేను హైదరాబాదులో మేనేజ్‌మెంటు చదువుతున్నాను.

అక్కడ మాకు నాలుగు విద్యలు నేర్పారు. వంట, వడ్డన, ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగు. క్లాసులో అందరి కళ్ళూ మొదటి మూడింటి మీదే. ప్రతి మాస్టారూ ఏదో ఒక సందర్భంలో మోహన్ సింగ్ ఒబెరాయ్ కథ చెప్పేవారు. 1922లో సిమ్లాలో సిసిల్ హోటల్లో నెలకి 50 రూపాయల గుమాస్తాగా చేరినవాడు తర్వాత ఆ హోటల్నే కొన్నాడు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు నాన్న గుర్తొచ్చేవాడు. అదీ గుమాస్తాయే, ఇదీ గుమాస్తాయే, మరి మిల్లు ఎందుకు కొనలేదో అని నవ్వుకునేవాణ్ణి. ఇంకో సంగతి తెలిసినప్పుడు మాత్రం సెలవులకి ఇంటికెళ్ళి చెప్పకుండా ఉండలేకపోయాను. మన జిల్లాలో పొగాకు కొనే ఐటీసీ కంపెనీయే 1975లో మద్రాసులో చోళా హోటల్‌తో హోటళ్ళ వ్యాపారంలోకి దిగింది. నాన్న నమ్మలేదు. "పొగాకు కంపెనీకి ఇడ్లీలెందుకురా?" అన్నాడు.

డబ్బుకి అన్నం పెట్టడమంటే మనవాళ్ళకి ఈ చిన్నచూపు ఎందుకో నేను చాలా ఆలోచించాను. ఊరికే పెడితే డొక్కా సీతమ్మ. గోదావరి లంకల్లో ఆమె పెట్టిన అన్నం సంగతి వందేళ్ళు దాటినా చెప్పుకుంటాం. అదే అన్నం డబ్బు తీసుకుని పెడితే కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ, నవ్వులపాలు. నిజానికి ఆ పాతకాలంలో పూటకూళ్ళకి ఇంత తక్కువ చూపు ఉన్నట్టు కనపడదు. మా పక్కన వినుకొండ వల్లభరాయడి పేరు మీద ఉన్న క్రీడాభిరామం (శ్రీనాథుడిదే అనేవాళ్ళూ ఉన్నారు, ఆ గొడవలోకి నేను పోను) ఓరుగల్లులో ఒక పూటకూటి ఇంటి భోజనాన్ని నోరూరేలా వర్ణిస్తుంది. బియ్యం రకం, పప్పు, నెయ్యి, పెరుగు, అన్నీ కలిపి ఒక రూకకి. పదార్థాల జాబితా, ధర, అడ్రసు. నాకు తెలిసి తెలుగులో మొదటి మెనూ కార్డు అదే. ఇది నేను నలభై దాటాక చదివాను. పద్దెనిమిదేళ్ళప్పుడు చదివుంటే నాన్నకి చెప్పేవాణ్ణి. చెప్పినా ఏమనేవాడో ఊహించగలను: "అది ఓరుగల్లురా, ఇది పేట."

ట్రెయినింగులో నన్ను హౌస్‌కీపింగులో వేశారు. హైదరాబాదులో పెద్ద హోటలే, పేరెందుకు. మొదటిరోజు ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్, కేరళ ఆవిడ, మమ్మల్ని ఆరుగురినీ ఒక బాత్రూములో నిలబెట్టి తను మోకాళ్ళ మీద కూర్చుంది. కమోడు అంచు కింద ఎక్కడ చెయ్యి పోదో, అక్కడికి చెయ్యి ఎట్లా పోనివ్వాలో చూపించింది. తర్వాత మేం. నా వంతు వచ్చినప్పుడు మా పక్కింటి అత్తయ్య నన్ను చూస్తున్నట్టు అనిపించింది. పేట నుంచి మూడువందల కిలోమీటర్ల దూరంలో, అయిదో అంతస్తులో, తలుపు వేసిన బాత్రూములో.

ఎనిమిది గంటల షిఫ్టుకి పదిహేను గదులు. గదికి అరగంట. పక్క విప్పడం, దులపడం, కొత్త దుప్పటి విసిరితే ఒక్క విసురుకే మధ్యకి పడాలి, నాలుగు మూలలూ ఉత్తరం కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందకి బిగించాలి. గలీబు నోరు తలుపు వైపు ఉండకూడదు. స్నానాల గది చివర్లో తుడవాలి, వెనక్కి నడుస్తూ, మన అడుగుజాడ మిగలకుండా. అంతా అయ్యాక గుమ్మంలో నిలబడి ఒకసారి చూడాలి, ఆ గదిలో అంతకు ముందు ఎవరూ ఎప్పుడూ పడుకోలేదు అనిపించాలి. ఈ చివరి మాట మేడమ్‌ది. ఒక్క వెంట్రుక చాలు, మొత్తం అబద్ధమైపోతుంది అనేది.

చిత్రంగా నాకు ఆ పని నచ్చింది. ఫ్రంట్ ఆఫీసులో నవ్వుతూనే ఉండాలి, వంటింట్లో తిట్లు తింటూనే ఉండాలి. ఇక్కడ పొద్దున్న చిందరవందరగా ఉన్నది మధ్యాహ్నానికి సర్దుకుంటుంది, అది కళ్ళ ముందే కనిపిస్తుంది. 1991లో అక్కడే ఉద్యోగం ఇచ్చారు, తీసుకున్నాను. ఇంటికి రాసిన ఉత్తరంలో "అడ్మినిస్ట్రేషన్‌లో" అని రాశాను. అబద్ధం కాదు, తువ్వాళ్ళ అడ్మినిస్ట్రేషన్.

పెళ్ళి సంబంధాలప్పుడు ఆ ఉత్తరం బయటపడింది. అమ్మాయి మేనమామ హైదరాబాదులో ఎవరినో వాకబు చేశాడు. "హోటల్లో పనిచేస్తాడంట, పక్కలు సర్దుతాడంట" అని పోయారు. అమ్మకి ఇంట్లో ఏదో వంకచెప్పి దాటేశారు. నిజం నాన్న చెవిన పడింది, కానీ నాతో అనలేదు. కోపం వచ్చిందో, సిగ్గేసిందో, రెండూనో. ఏడాదిపాటు ఆయన నుంచి ఉత్తరాలు పొడిపొడిగా వచ్చేవి. వానలు పడ్డాయి, తాతకి బాగాలేదు, మీ అమ్మ అడుగుతోంది.

1994లో ఒకరోజు పొద్దున స్టాఫ్ గేటు నుంచి సెక్యూరిటీ ఫోను చేశాడు. "సార్, మీ నాన్నంట. పంచె కట్టుకున్నాయన. ముందు గేటుకి పోతే ఇటు పంపారు."

మిల్లు సేల్స్ టాక్సు పని మీద రాత్రి బస్సుకి వచ్చాడట. చెప్పకుండా వచ్చాడు. నాకు ఆ రోజు కదిలే వీలు లేదు, మూడు నెలలకోసారి జరిగే లెక్కల రోజు అది. మా పనిలో ఒక పరుపుకి నాలుగు జతల దుప్పట్లుండాలి. ఒకటి పరుపు మీద, ఒకటి బీరువాలో, ఒకటి లాండ్రీలో, ఒకటి ఉతికి వచ్చి సేదదీరుతూ. ఆ రోజు అన్నీ లెక్కపెట్టాలి, చిరిగినవి పక్కన పడేయాలి. అందుకని నాన్నని కిందకి, బేస్‌మెంటులో లినెన్ రూముకే పిలిపించాను. ఆయన సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చుట్టూ నేల నుంచి పైకప్పు దాకా దుప్పట్లు, తువ్వాళ్ళు. నేను మెడలో టేపు, చేతిలో రిజిస్టరుతో మూటల మధ్య కూర్చున్నాను. ఆయన మొహంలో ఏముందో చూడటానికి ధైర్యం చాలక "కూర్చో నాన్నా, అయిపోవచ్చింది" అన్నాను. ఒక మూట మీద కూర్చున్నాడు. మిల్లులో బోరెం మీద కూర్చున్నట్టే, ఒక కాలు మడిచి.

కాసేపటికి పక్కనున్న చిరుగు దుప్పటి చేతిలోకి తీసుకున్నాడు. మేము ఆరు నెలల కిందట కొత్తగా కొన్న సరుకు అది. అప్పుడే పైన ఉండలు కడుతోంది. రాత్రిళ్ళు ఉక్కపోస్తోందని గెస్టులు ఏసీ మీద కంప్లయింటు ఇస్తున్నారు, ఇంజనీరింగు వాళ్ళు వచ్చి ఏసీ విప్పి చూసి పోతున్నారు. నాన్న చిరుగు దగ్గర ఒక దారం లాగి, దాన్ని మెలితిప్పిన వైపుకి ఎదురుగా తిప్పి విడదీసి, ఆ పోగుల్ని బొటనవేళ్ళ మధ్య పట్టి లాగాడు. మళ్ళీ లాగాడు.

"ఎంతకి కొన్నారు?"

చెప్పాను. "నూటికి నూరుపాళ్ళూ పత్తే నాన్నా. బిల్లులో ఉంది."

"బిల్లులో ఉంటదిరా. పోగులన్నీ ఒకటే పొడవున్నయ్యి. చెట్టుకి కాసింది ఇట్టా ఉండదు." సంచీ వెతుక్కున్నాడు. "అగ్గిపెట్టె ఏది?"

లినెన్ రూములో అగ్గిపెట్టె వెలిగిస్తే నా ఉద్యోగం అక్కడితో సరి. బయట బాయిలర్ పక్కకి తీసుకెళ్ళాను. ఆ దారం వెలిగించాడు. మంట ఆరగానే కొస ముడుచుకుని నల్లటి చిన్న పూసలా గట్టిపడింది. మా పాత దుప్పట్లలోంచి ఒక దారం తెప్పించి అదీ వెలిగించాడు. కాగితం కాలిన వాసన వచ్చి, వేలు తగలగానే బూడిదై రాలింది. నల్ల పూసని నా అరచేతిలో పెట్టాడు. "ప్లాస్టిక్ కప్పుకుని పడుకుంటే ఉక్క పొయ్యకేం చేస్తది."

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. శాంపిల్ టెస్టింగుకి పంపింది, పాలిస్టర్ కలిపినట్టు తేలింది, సరుకు వెనక్కి పోయింది. అదంతా తర్వాత రెండు వారాలకి. ఆ రోజుకి మాత్రం ఆవిడ ఎవరెవరికో ఫోన్లు చేసి, మేనేజర్ చేత సంతకం పెట్టించి, నాలుగో అంతస్తులో ఒక ఖాళీ గది నాన్నకి ఒక రాత్రికి ఇప్పించింది. ఈసారి ముందు గేటు నుంచి లోపలికి తీసుకెళ్ళాను. పొద్దున ఆపిన మనిషే తలుపు తీశాడు, వాడికి ఏమీ గుర్తు లేదు.

గదిలో నాన్న దేన్నీ ముట్టుకోకుండా చుట్టూ చూశాడు. రోజుకెంత అన్నాడు. సగం చేసి చెప్పాను. అయినా లెక్కేసుకుని, "ఒక రాత్రికి దగ్గర దగ్గర క్వింటాలు పత్తి" అన్నాడు. తర్వాత బాత్రూము తలుపు తీసి, లైటు వేసి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఇయ్యి కూడా నువ్వేనా?"

"మొదట్లో నేనే. ఇప్పుడు పిల్లల చేత చేయిస్తన్నా. చెయ్యకపోతే నేనే చేస్తా."

లైటు ఆర్పాడు. "మీ అమ్మకి చెప్పబాక" అన్నాడు. అంతే.

పొద్దున వెళ్ళేసరికి ఆయన స్నానం చేసి కూర్చున్నాడు. పక్క చెక్కుచెదరలేదు. రాత్రి పడుకోలేదా అంటే, పడుకున్నానురా, ఆ దుప్పటి అంత బిగదీసి కుట్టారు, లోపలికెట్టా పోవాలో తెలీక పైనే పడుకున్నా అన్నాడు. సొంత తువ్వాలు కప్పుకున్నాడట. అయినా గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి, పరుపు మీద నలిగిన చోట అరచేత్తో సాపు చేశాడు.

పేటకెళ్ళాక నాన్న చుట్టాలతో మేనేజ్‌మెంటు అనడం మానేశాడు. ఎవరైనా పెద్దాడు ఏం చేస్తున్నాడని అడిగితే కొత్త జవాబు తయారుచేసుకున్నాడు. "మావాడు కూడా పత్తి లైన్లోనే ఉన్నాడు." ఇది నాకు అమ్మ చెప్పింది, ఏదో కొత్త ఉద్యోగంలో చేరానేమో అనుకుని. నాకు ఒళ్ళు మండింది. చూసొచ్చాక కూడా హోటలనే మాట ఆయన నోట రాలేదే అని. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ఆయన 2009లో పోయేదాకా అదే జవాబు చెప్పాడు. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే కోపం రావడంలేదు. అబద్ధం కాదు కదా. వారానికి కొన్ని వేల దుప్పట్లు నా చేతుల మీదుగా పోయేవి, నాన్న చేతుల మీదుగా పోయిన దూదే ఏదో ఒక మిల్లు తిరిగి, మగ్గం ఎక్కి వచ్చిందేమో ఎవరికి తెలుసు.

మిగతా కెరీరు చెప్పుకోడానికి ఏమంత లేదు. బెంగుళూరు, మస్కట్, మళ్ళీ హైదరాబాదు. ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపరునయ్యాను. పెళ్ళయింది, సంబంధం తెచ్చినవాళ్ళకి మొదటి మాటగా పని ఏమిటో నేనే చెప్పాను. పండగలకి ఇంటికి రావడమనేది మరచిపోయాను. జనానికి సెలవులొస్తే మాకు పని. శివరాత్రికి మా వైపు ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకుని కోటప్పకొండకి కదులుతుంటే, ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళలో నేను చూసింది రెండుసార్లు. కొత్తగా చేరిన పిల్లలకి బాత్రూములో మోకాళ్ళ మీద కూర్చుని నేనే చూపించేవాణ్ణి, చివరిదాకా. సప్లయర్ ఎవరైనా కొత్త సరుకు తెస్తే ముందు ఒక దారం లాగి అగ్గిపుల్ల వెలిగించేవాణ్ణి. స్టోర్సు వాళ్ళు దానికి పేటటెస్ట్ అని పేరు పెట్టారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు చివరి గెస్టు వెళ్ళాక అన్ని పక్కలూ విప్పించాను. అన్నేళ్ళలో ఒక్క పరుపు మీదా దుప్పటి లేకుండా హోటల్ని చూడటం అదే మొదటిసారి. మే నెలలో విదేశాల నుంచి విమానాల్లో తెచ్చిన వాళ్ళకి క్వారంటైన్‌గా కొన్ని అంతస్తులు తెరిచాం. తలుపు బయట దుప్పట్ల కవరు పెట్టి, తలుపు కొట్టి, పరిగెత్తుకుని వెనక్కి రావడం. వాళ్ళే వేసుకునేవాళ్ళు. తర్వాత మాకు సగం జీతం, ఆ తర్వాత జీతం లేని సెలవు, ఆ తర్వాత ఒక ఈమెయిలు.

పేటకి వచ్చేశాను. ఇప్పుడు బైపాస్ పడి పెద్ద లారీలు ఊళ్ళోకి రావడం తగ్గింది. రోడ్డు మీది పాత టీ హోటళ్ళలో కొన్నిటికి షట్టర్లు దించేసి ఉన్నాయి. మొన్న ఒక హోటలాయన నా గురించి ఎవరో చెబితే పిలిచి, "సార్, మీరు పెద్ద హోటళ్ళలో చేశారంట, మాకేమన్నా చెప్పండి" అన్నాడు. బల్ల తుడిచే గుడ్డ, నేల తుడిచే గుడ్డ వేరు రంగుల్లో పెట్టమన్నాను. ఇంకేదో పెద్ద రహస్యం చెబుతాననుకున్నట్టున్నాడు, కొంచెం నిరాశపడ్డాడు. టీ డబ్బులు మాత్రం తీసుకోలేదు.

అమ్మకి ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు. రోజూ పొద్దున ఆమె పక్క నేనే వేస్తాను. చేతులకి అలవాటైపోయింది, నాలుగు మూలలూ కవరు మడతే, ఒక్క ముడత ఉండదు. నిన్న రాత్రి పడుకోబెట్టి దుప్పటి కప్పాక పిలిచింది.

"ఒరేయ్, అంత బిగించబాకరా, కాళ్ళు ఆడటంలా."

ఒకవైపు ఊడదీసి వదులు చేశాను.